ఎర్ర జెండా పట్టుకున్న మనిషి పేరు ఏ పట్టీలో ఉంది?

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే 63వ జాతీయ రహదారిపై ఎక్కడ పని జరిగినా మనకు కనబడేది ఎర్ర జెండా. పట్టుకున్న మనిషిని చూడం. మేం ఆగి మాట్లాడితే మాదిగవాడ దినకూలీనో, మేస్త్రీ వెంట పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినవాడో అయ్యుంటాడు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరకు పని తగ్గింది, రోడ్డు కూలీ మిగిలింది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ-55 ప్రకారం పని చోటుకు చాలా ముందే హెచ్చరిక బోర్డులు, వాహనాలను మెల్లగా మళ్లించే కోన్లు, రాత్రి దీపాలు ఉండాలి. అవి లేనిచోట లారీకి అడ్డు అతని ఒళ్లే.

ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ కింద కాంట్రాక్టర్‌కు పడే జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. అదీ ప్రమాద నిధికే, ఆ ఇంటికి కాదు. కుటుంబం పరిహారం కోరాలంటే అతను అక్కడ పనిచేసినట్టు రుజువు కావాలి.

అందుకే సమాచార హక్కు కింద ట్రాఫిక్ ప్లాన్‌తోపాటు కూలీల హాజరు పట్టీ కూడా అడుగుదాం. ప్రాణం పోకముందే అడుగుదాం.