ఉచితం అన్నవాణ్ని మిద్దె ఎక్కనివ్వకండి

ఆదివారం వస్తే చాలు, మా ఒంగోలు వీధిలో ఒక కుర్రాడు కరపత్రాలు పంచుతూ తిరుగుతాడు. మీద పెద్దక్షరాలతో ‘జీవితాంతం జీరో బిల్లు’. కింద పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. పాపం ఆ సూర్యభగవానుడికి తెలియదు, తన పేరు చెప్పి ఊళ్ళో ఎన్ని అబద్ధాలు అమ్ముతున్నారో.

జీరో బిల్లు అనేది లేదు. ఇంటికి తాళం వేసి నెల్లాళ్ళు కాశీకి పోయినా ఫిక్స్‌డ్ చార్జీ వస్తుంది. మిద్దె నిండా ప్లేట్లు పరిచినా వస్తుంది. జీవితాంతమూ లేదు. ప్లేటుకిచ్చే పూచీ పాతికేళ్ళు, అదీ ఏటా దిగుబడి కాస్త కాస్త తగ్గుతుందని ముందే ఒప్పుకుని ఇచ్చేది. ఇన్వర్టర్ అందులో సగం కాలం నిలబడితే గొప్ప. ఇక ఉచితం సంగతి. మూడు కిలోవాట్ల సిస్టం రెండు లక్షలకు అటూ ఇటూ అవుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కేంద్రం ఇచ్చేది మొదటి రెండు కిలోవాట్లకు ముప్పయ్యేసి వేలు, మూడోదానికి పద్దెనిమిది వేలు, వెరసి 78 వేలు. పది కిలోవాట్లు పెట్టినా అంతే, పైసా పెరగదు. మిగతా లక్షా ఇరవై వేలు మీ జేబులోంచో బ్యాంకు అప్పులోంచో పోవాల్సిందే. దీన్ని ఉచితం అనడానికి ఎంత నోరు కావాలి!

సోలార్ మీద నాకు కోపం లేదు. నా మిద్దె మీదా ఆరు ప్లేట్లున్నాయి, బాగానే పండుతున్నాయి. నా కోపం ఆ మాట మీద. వంకాయలు కొంటే ఒక్కోదాన్నీ తిప్పి పుచ్చు చూస్తాం. పెళ్ళి చీరకి నాలుగు కొట్లు తిరుగుతాం. ‘ఉచితం’ అని చెవిన పడగానే మాత్రం కళ్ళు మూసుకుని సంతకం పెడతాం. ఆ మూసుకున్న కళ్ళ మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

ముందు లెక్క చూడండి. లెక్క చెప్పని ఏజెంటుకి మంచినీళ్ళిచ్చి పంపేయండి. ఒక కిలోవాటు రోజుకి సగటున నాలుగు యూనిట్లిస్తుంది. మూడు కిలోవాట్లంటే నెలకి 360. ఆంధ్రప్రదేశ్ శ్లాబుల్లో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకి రూపాయి తొంభై పైసలు, 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. మీరు నెలకి 500 యూనిట్లు కాల్చేవారనుకుందాం. కరెంటు ధరే 3,523 రూపాయలు. అందులోంచి సోలార్ 360 కోసేస్తే మిగిలిన 140కి పడేది 507. అంటే నెలకి మూడు వేల పైచిలుకు ఆదా, నలభై నెలల్లో మీ సొమ్ము మీకు వచ్చేస్తుంది. అదే 150 యూనిట్లు వాడే ఇల్లు? కరెంటు ధర మొత్తం కలిపి 567. మొత్తానికి మొత్తం మిగిలినా లక్షా ఇరవై వేలు రాబట్టడానికి పదిహేడేళ్ళు దాటుతుంది. సోలార్ ఎప్పుడూ పై శ్లాబు నుంచి కోసుకొస్తుంది. పై శ్లాబే లేని ఇంటికి కోయడానికేముంది? మిగులు యూనిట్లు డిస్కం కొంటుందిగా అంటాడు ఏజెంటు. కొంటుంది, మీరు పై శ్లాబులో కొనే ధరకి కాదు, దానికి చాలా కింద. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు బిల్లే కట్టని ఇంటికి కూడా మూడు కిలోవాట్లు అంటగట్టే వాణ్ని ఏమనాలో మీరే చెప్పండి.

లెక్క కుదిరిందా, ఇక మిద్దె ఎక్కండి. ఏజెంటు ఎండాకాలం వచ్చి, నడినెత్తిన సూర్యుణ్ని చూపించి, ‘నీడే లేదు సార్’ అంటాడు. మే నెలలో మనకి నీడ ఎక్కడ ఉంటుంది! ధనుర్మాసంలో సూర్యుడు దక్షిణానికి దిగిపోతాడు. పొరుగింటి మూడో అంతస్తు నీడ, మన సింటెక్స్ ట్యాంకు నీడ అప్పుడు పాక్కుంటూ వస్తాయి. వాకిట్లో సంక్రాంతి ముగ్గులు పెట్టే రోజుల్లో ఒకసారి ముగ్గు పిండి పట్టుకుని మిద్దె ఎక్కండి. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి నీడ ఎక్కడిదాకా వచ్చిందో గీత గీయండి. ఆ గీత లోపల ప్లేటు పెట్టనివ్వకండి. ప్లేటులో ఒక్క గడి మీద నీడ పడ్డా ఆ ప్లేటులో మూడో వంతు పడుకుంటుంది. నా ఆరింటిలో ఒకటి ట్యాంకు పక్కనే ఉంది. సాయంత్రమయ్యేసరికి అది అలంకారప్రాయం. నేనూ మే నెలలోనే సంతకం పెట్టాను మరి.

ప్లేట్లు దక్షిణముఖంగా, మన ప్రాంతంలో పదిహేను డిగ్రీల వాలు ఉంటే చాలు. ఇనుము ఆదా చేసుకోవడానికి కొందరు మిద్దెకి ఆనించి పడుకోబెడుతున్నారు. కింద గాలి ఆడకపోతే ప్లేటు ఉడికిపోతుంది. ప్లేటు మీద రాసిన వాట్లన్నీ 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. రోహిణి కార్తెలో ఆ ప్లేటు ఒళ్ళు 65 డిగ్రీలకి చేరితే దిగుబడిలో ఎనిమిదో వంతు దాకా ఎగిరిపోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువొస్తుందనే వాళ్ళు ప్లేటుకీ వడియాలకీ తేడా తెలియని వాళ్ళు.

స్టాండు కాళ్ళకి శ్లాబులో డ్రిల్లు దింపనివ్వకండి. దిమ్మెలు పోసి నిలబెట్టమనండి. హుద్‌హుద్ 2014లో విశాఖని ఏం చేసిందో చూసిన కోస్తా జనానికి గాలి గురించి నేను చెప్పాలా? ఉప్పుగాలికి మామూలు బోల్టు తుప్పు పట్టి రాలిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలువే బిగించమనండి. కడగడం తెల్లవారుజామున, మెత్తని గుడ్డతో, మంచినీళ్ళతో. బోరు నీళ్ళు ఆరితే తెల్లటి పొర కడుతుంది. మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చల్లటి నీళ్ళు గుమ్మరించకండి.

ఇంకో దోపిడీ ఉంది, అది నాకే జరిగింది. ప్లేట్లు బిగించిన రోజే ఏజెంటు ‘ఆన్ చేసేద్దాం సార్, నెట్ మీటర్ మెల్లగా వస్తుంది’ అన్నాడు. సరే అన్నాను. నెల తిరిగేసరికి బిల్లు తగ్గలేదు, పెరిగింది! పాత డిజిటల్ మీటర్లలో చాలావాటికి కరెంటు వచ్చిందో పోయిందో తేడా తెలియదు, అది తెలిసేది నెట్ మీటర్‌కే. నేను బయటికి పంపిన ప్రతి యూనిట్టునీ నా పాత మీటరు నేను వాడుకున్నట్టే లెక్కగట్టింది. నా కరెంటు డిస్కంకిచ్చి, దానికి నేనే డబ్బు కట్టాను. కరెంటాఫీసుకి వెళ్తే ‘మీటర్లు స్టాకు లేవండీ’ అన్నారు. కేంద్రం 2024లో నిబంధనలు మార్చి, 10 కిలోవాట్ల లోపు ఇంటి సోలార్‌కి సాంకేతిక పరిశీలనే అక్కర్లేదంది. నిబంధన కాగితం మీద పరుగెత్తుతుంది, మీటరు గోదాములో నిద్రపోతుంది. నెట్ మీటర్ గోడెక్కేదాకా స్విచ్ వేయకండి. చివరి వాయిదా డబ్బూ ఇవ్వకండి. చేతిలో డబ్బున్నంత కాలమే మన ఫోను ఎత్తుతారు.

ఇప్పుడు అసలు విషయం. మూడు నెలల క్రితం గాలివానకి రాత్రంతా కరెంటు పోయింది, మర్నాడు పగలూ రాలేదు. ఎదురింటాయన గోడ మీంచి ‘మాస్టారూ, సోలార్ పెట్టించి మీరూ విసనకర్రతోనే కూర్చున్నారేమిటండీ?’ అని పలకరించాడు. బ్యాటరీ లేని మామూలు సోలార్ సిస్టం కరెంటు పోగానే ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ఆగిపోతుంది. అది లోపం కాదు, ఆగిపోవాలనే అలా చేశారు. లైను ఆఫ్ చేశారు కదా అని నమ్మి లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో మీ మిద్దె మీంచి కరెంటు వెనక్కి లైనులోకి వెళ్తే ఆ మనిషి ఏమవుతాడు? ఈ ఒక్క మాట కొనేముందు ఎంతమంది ఏజెంట్లు చెప్పారు? నాకు చెప్పలేదు. కరెంటు పోయినా ఇంట్లో వెలగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, దానికి ఖర్చు వేరు. అది చెబితే ‘జీరో బిల్లు’ బేరం చెడుతుందని నోరు కుట్టుకుంటారు.

కోపమొచ్చిన జనం ఏం చేస్తున్నారో తెలుసా? తెలివైన ఎలక్ట్రీషియన్ ఒకణ్ని పిలిచి, ఇంట్లో పాత యూపీఎస్ కరెంటుని సోలార్ ఇన్వర్టర్‌కి తగిలిస్తున్నారు, కరెంటు ఉందని దాన్ని భ్రమపెట్టడానికి. మొన్న మాకు తెలిసినవారి ఇంట్లో అలాంటి కనెక్షన్ చూసి నా కాళ్ళు వణికాయి. పైగా దాని పక్కనే ప్లేట్ల తీగకి ఇంటి కరెంటుకి వాడే మామూలు ఏసీ ఎంసీబీ! ఆరు ప్లేట్లు వరసగా కలిస్తే 300 వోల్టుల డీసీ. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది, అందుకే అందులో నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు, రవ్వ అంటుకుంటే ఇల్లు అంటుకునేదాకా మండుతుంది. కొన్ని వందల రూపాయలు మిగుల్చుకోవడానికి ఆ బిగించినవాడు ఆ ఇంటి గోడలో చితి పేర్చి వెళ్ళాడు. దీన్ని పొరపాటు అనకండి. నేరం అనండి.

మీ మిద్దె మీద సోలార్ ఉంటే డబ్బా మూత మీరు తీయకుండా, లోపలి ఎంసీబీ మీద ‘డీసీ’ అని ఉందో లేదో బిగించినవాణ్ని పిలిచి చూపించమనండి. అర్థింగ్ గుంటలు మూడూ చూపించమనండి, ప్లేట్లకి ఒకటి, ఇన్వర్టర్ వైపు ఒకటి, పిడుగుకి ఒకటి. పీఎం సూర్యఘర్ కింద పెట్టించి ఉంటే ఐదేళ్ళ నిర్వహణ వాడి బాధ్యతే, బతిమాలాల్సిన పని లేదు. యూపీఎస్ నుంచి సోలార్‌కి దొంగతీగ ఏదైనా ఉంటే మాత్రం బిగించినవాడి కోసం ఆగకండి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, పొద్దుగూకాక, ఈ రాత్రే తీయించేయండి. మా వీధి లైన్‌మన్‌కి ఇద్దరు పిల్లలు.