గేటు పాస్ వెనక్కి తీసుకున్నారు.. మరి పాస్‌వర్డ్?

భిలాయి ఉక్కు కర్మాగారంలోకి వెళ్లాలంటే గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవానుకు పాస్ చూపించాల్సిందే. కాంట్రాక్టు ముగిస్తే ఆ పాస్‌కూ కాలం చెల్లుతుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచీ, ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ గేటు కట్టుబాటు బాగా తెలుసు.

ఇప్పుడు పెద్ద పరిశ్రమలకు రెండో గేటు ఒకటి వచ్చింది. మెయిల్, జీతాల లెక్క, టెండర్ల పత్రాలు క్లౌడ్‌లోకి చేరాక యూజర్ నేమ్, పాస్‌వర్డే గేటు పాస్ అయ్యాయి. దాన్ని వెనక్కి తీసుకునే జవాను మాత్రం చాలా చోట్ల లేడు.

కొలిమి దాకా వెళ్లిన దొంగలు

ఇది కంప్యూటర్ విభాగం చూసుకునే చిన్న విషయం అనుకుంటే పొరపాటు. జర్మనీలోని ఒక ఉక్కు కర్మాగారంపై జరిగిన దాడి గురించి ఆ దేశ సమాచార భద్రతా సంస్థ బీఎస్ఐ 2014 నివేదికలో వెల్లడించింది. మోసపు మెయిళ్లతో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దూరిన దుండగులు అక్కడి నుంచి ఉత్పత్తి విభాగానికి చేరారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను పద్ధతి ప్రకారం ఆపలేకపోవడంతో భారీ నష్టం జరిగింది. 2025 మేలో అమెరికా ఉక్కు సంస్థ న్యూకోర్ కూడా సైబర్ చొరబాటు కారణంగా కొన్ని చోట్ల ఉత్పత్తిని నిలిపేసింది.

ఒకే తాళంచెవి, వేల తలుపులు

ఒక ఖాతాపై వందల పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తే అది లాక్ అవుతుంది. అందుకే దొంగలు లెక్క తిప్పేశారు. అందరూ పెట్టుకునే తేలికైన పాస్‌వర్డ్ ఒకటి తీసుకుని వేల ఖాతాలపై ఒక్కోసారి మాత్రమే ప్రయత్నిస్తారు. దీన్నే పాస్‌వర్డ్ స్ప్రే అంటారు. ఏ ఖాతా కూడా లాక్ కాదు, ఎవరికీ అనుమానం రాదు. ఐదు వేల ఖాతాల్లో ఒక్కటి తెరుచుకున్నా వాళ్లకు చాలు. ఊరి పేరు, సెక్టార్ నంబరు, పుట్టిన సంవత్సరం కలిపి పాస్‌వర్డ్ పెట్టుకునే అలవాటు వాళ్ల పనిని ఇంకా సులువు చేస్తుంది.

ఈ దెబ్బ మైక్రోసాఫ్ట్‌కే తగిలింది. 2023 నవంబరు చివర్లో మొదలైన దాడిని ఆ సంస్థ 2024 జనవరి 12న గుర్తించింది. మిడ్‌నైట్ బ్లిజార్డ్ అనే రష్యా ముఠా ఎవరూ పట్టించుకోని ఒక పాత పరీక్షా ఖాతాను స్ప్రేతో తెరిచింది. దానికి రెండో అంచె ధ్రువీకరణ లేదు. అక్కడి నుంచి ఉన్నతాధికారుల మెయిళ్ల దాకా పాకింది. గుర్తింపు వ్యవస్థలను ప్రపంచానికి అమ్మే సంస్థకే వాడకంలో లేని ఒక్క ఖాతా ఇంత చేటు తెచ్చింది. అలాంటప్పుడు కాంట్రాక్టు మనుషులు ఏటా వచ్చి వెళ్లే భారీ పరిశ్రమల్లో మూసివేయని ఖాతాల మాటేమిటి?

ఓటీపీ పెట్టేస్తే సరిపోతుందా?

రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరే, కానీ అదొక్కటే చాలదు. 2022 సెప్టెంబరులో ఉబర్ కాంట్రాక్టర్ ఒకరి పాస్‌వర్డ్ సంపాదించిన దుండగుడు ఫోన్‌కు వరసగా అనుమతి కోరుతూ నోటిఫికేషన్లు పంపాడు. చివరికి ఆ కాంట్రాక్టర్ ఒకదానికి సరేనన్నారు. తెరపై కనిపించిన అంకెను ఫోన్‌లో కొట్టించే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2023 మేలో తన యాప్‌లో తప్పనిసరి చేసింది ఇలాంటి వాటిని అడ్డుకోవడానికే. పాస్‌కీలు, భద్రతా కీలు ఇంకా మెరుగు. మోసపు వెబ్‌సైట్‌లో అవి పనిచేయవు. స్మార్ట్‌ఫోన్ లేని కార్మికుడికి యాప్ వేసుకోమని చెబితే అతను పక్కవాడి లాగిన్ వాడుకుంటాడు. అలాంటివారికి భద్రతా కీ ఇవ్వడం సంస్థ బాధ్యత.

మిగతా జాగ్రత్తలు కొత్తవేమీ కావు. సంస్థ పేరు, పట్టణం పేరు ఉన్న పాస్‌వర్డ్‌లను నిషిద్ధ జాబితాలో పెట్టొచ్చు. అక్షరం బదులు గుర్తు పెట్టి మార్చినా మైక్రోసాఫ్ట్ ఎంట్రా వంటి వ్యవస్థలు పసిగడతాయి. పరిచయం లేని చోటు నుంచి వచ్చే తప్పుడు ప్రయత్నాలను విడిగా లెక్కించే లాకౌట్ ఉంటే, దొంగ చేసిన తప్పుకు షిఫ్టు ఉద్యోగి ఖాతా మూతపడదు. ప్రతి మూడు నెలలకూ పాస్‌వర్డ్ మార్పించే ఆనవాయితీని మాత్రం వదిలేయాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే దాన్ని వద్దంది. మార్చమని ఒత్తిడి చేస్తే జనం చివరి అంకె ఒక్కటే మారుస్తారు.

మన చట్టాలూ ఊరుకోవు. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వ్యక్తిగత సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే 2023 డేటా రక్షణ చట్టం కింద జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు.

అయితే జరిమానా కన్నా ముందు ఆలోచించాల్సింది కొలిమి దగ్గర నిలబడే మనిషి గురించి. భిలాయి అయినా విశాఖ అయినా, పని మానేసిన రోజున గేటు పాస్‌తో పాటే ఖాతా కూడా మూసేయాలి. ఆ పనికి పైసా ఖర్చుండదు. హెచ్‌ఆర్, కాంట్రాక్టు, కంప్యూటర్ విభాగాలు ఒకే జాబితా పెట్టుకుంటే చాలు.