పోస్టుకార్డు మీద ఐడీ నంబరా?

ఊళ్లో తాతయ్యకు పోస్టుకార్డు రాస్తే దారిలో ఎవరైనా చదవచ్చు. 'హెచ్‌టీటీపీ'తో మొదలయ్యే వెబ్‌సైటులో మనం నింపేదీ అంతే. పక్కన 'ఎస్' కూడా ఉంటేనే కవర్లో పెట్టి అంటించినట్టు. క్రోమ్ 2018 నుంచి ఎస్ లేనివాటిని 'సురక్షితం కాదు' అని హెచ్చరిస్తూనే ఉంది.

పిల్లల పుట్టినతేదీ, ఖతార్ ఐడీ అడిగే ఫారం అలా ఉంటే, అది మన సంఘానిదే అయినా సరే, నింపమని చెప్పేద్దాం. మొహమాటం దేనికి? ఖర్చనే సాకూ చెల్లదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుంచి సర్టిఫికెట్లు ఉచితంగానే ఇస్తోంది. ఖతార్ 2016 నాటి 13వ నంబరు చట్టమైతే పిల్లల వివరాలను ప్రత్యేకమైనవిగానే లెక్కగట్టింది.

పిల్లలూ, కవరు అంటించి ఉన్నంత మాత్రాన అది చేరే ఇల్లు మంచిదని కాదు. దొంగ సైట్లకూ ఎస్ ఉంటుంది! నాన్నగారు ఇండియాకు డబ్బు పంపేటప్పుడు పక్కన కూర్చుని, సైటు చిరునామా అక్షరం అక్షరం చదివి వినిపించండి.