"చూసి చెప్తాంలే" అన్న మాట గురించి



పోయిన వారం మన హోసూరు వాట్సాప్ గ్రూపులో చిన్న గొడవ జరిగింది. చాలామంది చూసే ఉంటారు. సైట్లు, ఇళ్ళు చూపించే పనిలో ఉన్న మన పిల్లోడొకడు రాత్రి పదకొండు గంటలకు "ఇంగ నా వల్ల కాదు, ఈ పని వదిలేస్తా ఉండాను" అని రాసినాడు. కొందరు ధైర్యం చెప్పారు. ఒకరిద్దరు "బ్రోకరు పని కూడా ఒక పనేనా" అని నవ్వారు. ఆ నవ్వు చూసి మేము ఊరుకోలేకపోయాం. మేము అంటే ఇదే పనిలో పది పదిహేనేళ్ళుగా నలుగుతున్న మన సంఘం మనుషులం నలుగురం. నలుగురం కూర్చుని మాట్లాడుకుని రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పిల్లోడికి ఏం జరిగిందో చెప్పాలి. బాగలూరు రోడ్డు వైపు ఒక ముప్పై నలభై సైటు. ఒక కుటుంబానికి ఐదుసార్లు చూపించినాడు. పెద్దావిడకు ఎండ తగలకూడదని ఒకసారి సొంత ఖర్చుతో కారు కూడా పెట్టినాడు. మూల పత్రాలు తెప్పించి, ఈసీ తీయించి, పట్టాలో పేరు సరిపోయిందో లేదో చూసిపెట్టినాడు. ఆరోసారి ఫోను చేస్తే "చూసి చెప్తాంలే" అన్నారు. నెల తర్వాత తెలిసింది, ఆ సైటును వాళ్ళు నేరుగా యజమాని దగ్గరే కొనేశారని. కొన్నది ఎవరో బయటివాళ్ళు కాదు, మన సంఘంలోని వాళ్ళే. ఎవరన్నది ఇక్కడ రాయం, రాయాల్సిన అవసరమూ లేదు. "కొనకపోతే పోనీ అన్నా, మనవాళ్ళే ఇట్ల చేస్తే యాల ఈ పని" అని వాడు మా ముందు అడిగినప్పుడు మా దగ్గర వెంటనే జవాబు లేదు.

ఈ పనిలో కాదనిపించుకోవడమే రోజువారీ కూలి. మాలో ఒకరు నోటుపుస్తకం రాస్తారు. అందులో ఒక నెల లెక్క ఇది: 62 ఫోన్లు, 11 సార్లు సైటు చూపించడం, ఒక్క అడ్వాన్సూ లేదు. నెల జీతం వచ్చే పనిలో పైఅధికారి తిట్టినా ఒకటో తారీఖు ఒకటో తారీఖే. మా పనిలో ముప్పై రోజులు తిరిగినా కాగితం మీద సంతకం పడకపోతే చేతికి వచ్చేది పెట్రోలు బిల్లే. కాబట్టి "కాదు" అన్న మాట ఒట్టి మాటగా తగలదు. పిల్లల ఫీజుగా, బండి కంతుగా తగులుతుంది. "మనసుకు తీసుకోవద్దు" అని ఉచిత సలహా ఇచ్చేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయినా అన్ని "కాదు"లూ ఒకటి కావు. ఇది అర్థం కావడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

మొదటిది "ఇప్పుడు కాదు". మన హోసూరులో దీనికి ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. తెలుగువాళ్ళకూ కన్నడంవాళ్ళకూ ఆషాఢం పనికిరాదు. అది అయిపోతుందనుకునే లోపల తమిళంవాళ్ళకు ఆడి నెల మొదలై ఆగస్టు నడుమ దాకా నడుస్తుంది. తర్వాత మహాలయ పక్షం, డిసెంబరు నడుమ నుంచి మార్గళి. మూడు భాషల ఊరిలో మూడు పంచాంగాల అడ్డంకీ మన నెత్తినే. ఆడి పద్దెనిమిది నాడు రిజిస్ట్రారు ఆఫీసు ముందు కనిపించే జనాన్ని చూస్తే తెలుస్తుంది, అంతవరకూ కాదన్నవాళ్ళలో ఎందరు ఉత్తినే ఆగి ఉన్నారో.

రెండోది "ఇది కాదు". దక్షిణం వాకిలి, బ్యాంకు అప్పు రాకపోవడం, అత్తగారికి దూరం, మామగారికి దగ్గర. ఖర్చు కూడా ఉంది. మన రాష్ట్రంలో సైటు కొంటే మామూలుగా స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం, కలిపి 9 శాతం సర్కారుకే కట్టాలి. ముప్పై లక్షల సైటుకు రెండు లక్షల డెబ్భై వేలు. చివరి వారంలో ఆ లెక్క వేసుకుని వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది. వాళ్ళు కాదన్నది సైటును, మనల్ని కాదు.

మూడోది "నీతో కాదు". ఇది తక్కువే కానీ ఉంటుంది, లేదని మభ్యపెట్టుకోకూడదు. చెప్పిన టైముకు రాలేదు, అడిగిన కాగితం తేలేదు, రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి విసిగించాం. ఇలాంటి "కాదు" వస్తే ఏడవడం కన్నా దిద్దుకోవడం మేలు. మొదటి రెండింటినీ మూడోదిగా అనుకుని కుంగిపోవడం ఒక తప్పు. మూడోదాన్ని మొదటిదిగా అనుకుని "టైం బాగలేదు" అని చేతులు దులుపుకోవడం ఇంకో తప్పు. ఈ రెండు తప్పులూ మేం చేశాం.

ఎవరి తప్పూ లేకుండా ఊరంతా కాదన్న కాలం కూడా మేము చూశాం. 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు అనుమతి లేని లేఅవుట్లలోని సైట్లను రిజిస్టరు చేయకూడదని ఆదేశించింది. హోసూరు చుట్టుపక్కల అప్పుడు చేతిలో ఉన్న సరుకులో చాలా భాగం అదే. రెండు నెలలకు, నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు వెనక్కి అడిగారు, ఇవ్వాల్సినవాళ్ళు ఫోనెత్తలేదు. 2017 మేలో క్రమబద్ధీకరణ నియమాలు వచ్చి, 2016 అక్టోబరు 20కి ముందు రిజిస్టరైన సైట్లకు దారి తెరుచుకునేదాకా మాలో ఒకరు చీటీల లెక్కలు రాశారు, ఒకరు బావమరిది గులాబీ తోటలో పూల కట్టలు కట్టారు. సిగ్గుపడలేదు. ఆ కోర్టు ఆదేశం కొన్నవాళ్ళకు మంచిదేనని ఇప్పుడు ఒప్పుకుంటాం. అప్పుడు మాత్రం రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు.

ఇక అసలు మాట. కాదనిపించుకోవడం వల్ల వచ్చే పెద్ద నష్టం బాధ అని అందరూ అనుకుంటారు. మా అనుభవంలో బాధ కొన్నాళ్ళకు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. వరసగా ఇరవైమంది కాదన్నాక, ఇరవై ఒకటోవాడి చేత ఎలాగైనా అవుననిపించాలని నాలుక జారుతుంది. అబద్ధం పుట్టేది అక్కడే.

2024 జూన్ 27న హోసూరుకు 2,000 ఎకరాల్లో, ఏటా మూడు కోట్లమంది ప్రయాణికుల కోసం విమానాశ్రయం కడతామని ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రకటించారు. మరుసటి రోజు నుంచి డెంకణికోట దారిలోని సైటూ "ఎయిర్‌పోర్టు పక్కనే", సూళగిరి దారిలోని సైటూ "ఎయిర్‌పోర్టు పక్కనే". ప్రకటన వేరు, నేల మీద పరిచిన రన్‌వే వేరు. మెట్రో సంగతీ అంతే. 2025 ఆగస్టులో పసుపు మార్గం మొదలైంది, నిజమే. అది ఆగేది బొమ్మసంద్రలో. హోసూరు దాకా రాలేదు. ఆ తేడా కొనేవాడికి చెప్పడం మన పని. చెప్తే ఒక "కాదు" రావచ్చు. ఆ "కాదు" న్యాయమైనది.

మాలో ఒకరి కథ కూడా చెప్పుకుంటాం. చాలా ఏళ్ళ కిందట, నాలుగు నెలలు చేతిలో పైసా లేని కాలంలో, పట్టాలో ఉన్న కొలతకూ నేల మీద ఉన్న కొలతకూ తేడా ఉందని తెలిసి కూడా నోరు మూసుకుని ఒక సైటు అమ్మించారు. కమీషన్ వచ్చింది. ఇంట్లో పండగ చేసుకున్నారు. రెండేళ్ళ తర్వాత కొన్న మనిషి గోడ కట్టబోతే పక్క సైటువాడు అడ్డం పడ్డాడు. కొన్నాయన తిట్టలేదు, ఊరికే చూశాడట. వచ్చిన కమీషన్ అంతా కంతుల్లో తిరిగి ఇచ్చేసినా ఆ చూపు పోలేదని ఈయన ఇప్పటికీ అంటారు. వందమంది కాదన్నా మనిషి మళ్ళీ లేచి నిలబడగలడు. ఇలా తెచ్చుకున్న ఒక్క "అవును" ఇన్నేళ్ళయినా ఆయన్ని వదల్లేదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రెరా కింద రిజిస్టరు కావాల్సిన లేఅవుట్లో సైట్లు అమ్మించాలంటే ఏజెంటు కూడా రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని లేఅవుట్లో సైటు అమ్మించకూడదు. లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు. తప్పితే రోజుకు పది వేల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. కుర్రాళ్ళకు మా మాట: ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోండి. చేతిలో నంబరు ఉన్నవాడు "బ్రోకరేగా" అన్న మాటకు సగం తగ్గడు.

మమ్మల్ని నిలబెట్టినవి గొప్ప సూత్రాలేమీ కావు. ఒకటి నోటుపుస్తకం. ఎవరు కాదన్నారు, ఏ రకం "కాదు", మళ్ళీ ఏ తారీఖున అడగాలి. రాసిపెట్టిన "కాదు" రాత్రి మంచం మీదికి రాదు. రెండు, కాదన్నవాళ్ళను ఒక్క ప్రశ్న అడగడం: "సైటు నచ్చలేదా, ధరా, లేక నా వల్ల ఏమైనా లోటు జరిగిందా?" చాలామంది నిజం చెప్తారు. మూడు, కమీషన్ వచ్చిన రోజే దాన్ని మూడు భాగాలు చేయడం: అప్పుకు, ఇంటికి, రాబోయే ఆషాఢానికి. నాలుగు, ఒంటరిగా ఉండకపోవడం. మేం నలుగురం పోటీదారులమే, ఒకరి గిరాకీ ఒకరికి పోయిన రోజులున్నాయి. అయినా సాయంత్రం టీ కలిసే తాగుతాం. నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, తాగుడు ఎక్కువైనా దాన్ని పని ఒత్తిడిలే అని వదలకండి. ఇంట్లో చెప్పండి, డాక్టరును చూడండి. పని మానేయాలనిపిస్తే మానేయవచ్చు, అది ఓటమి కాదు. కానీ దెబ్బ తగిలిన వారంలో ఆ నిర్ణయం తీసుకోకండి.

ఇప్పుడు సభ్యులందరికీ మూడు మాటలు, కోపం లేకుండా.

కొనే ఉద్దేశం లేకపోతే "వద్దు" అని చెప్పండి. "చూసి చెప్తాంలే" అన్నది మర్యాద అనుకుంటారు మీరు. ఎదుటివాడు ఆ మాట పట్టుకుని నెల రోజులు ఎదురు చూస్తాడు. స్పష్టమైన "వద్దు" అతని పెట్రోలు మిగులుస్తుంది.

చూపించినవాణ్ణి దాటి యజమాని దగ్గరకు వెళ్ళకండి. కమీషన్ ఎక్కువనిపిస్తే ముందే మాట్లాడుకోండి. సర్కారుకు కట్టే 9 శాతంలో ఒక్క రూపాయి తగ్గదని, తగ్గేది ఈ పిల్లోడి ఒక్క శాతమేనని అక్కడ కోత పెట్టడం పెద్దరికం కాదు.

"మనవాడే కదా" అన్న మాటను ఒక్కసారి తిరగేసి చూడండి. మనవాడు కాబట్టి ఉచితంగా చేయాలా, మనవాడు కాబట్టి అతని కూలి ముందు ఇవ్వాలా? మన పెద్దల్లో తెలుగు బడిలో చదివి, తమిళ పత్రం చదవలేనివాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చుని పట్టా, చిట్టా, ఈసీ ఒక్కో వరసా తెలుగులో విప్పి చెప్పేది ఈ "బ్రోకరు పిల్లోళ్ళే". ఆ పనిని చూసి నవ్వేముందు ఎవరింటి పత్రాలు ఎవరు చదివి పెట్టారో గుర్తు చేసుకుందాం.

ఆ పిల్లోడు సోమవారం మాతో టీకి వచ్చినాడు. పని వదులుతాడో లేదో ఇంకా చెప్పలేదు, మేమూ అడగలేదు. పుస్తకం మాత్రం ఒకటి కొనుక్కున్నాడు. మొదటి పేజీలో ఆ ఐదుసార్ల కుటుంబం పేరు రాసి, ఎదురుగా ఏ రకం "కాదు" అని రాయాలో తెలియక ఖాళీ వదిలేశాడు. ఆ ఖాళీ నింపాల్సింది వాడు కాదు, మనం.

వచ్చే నెల మొదటి ఆదివారం సంఘం సమావేశం అయ్యాక మేం నలుగురం అక్కడే కూర్చుంటాం. కొనబోయే సైటు కాగితాలుంటే తీసుకురండి, చదివి చెప్తాం. ఆ రోజుకు రుసుము లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు కూడా రండి. కాదనిపించుకున్న కథలు మా దగ్గర చాలా ఉన్నాయి.