ఇన్వర్టర్ పెట్టె మీద ఇంకో అంకె ఉండాలి

భారతీయ ప్రమాణాల సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

అయ్యా,

హైదరాబాద్ పాతబస్తీలో కరెంటు పోతే శాలిబండ నుంచి పత్తర్‌గట్టి దాకా ఇళ్లూ దుకాణాలూ ఇన్వర్టర్ల మీదే నడుస్తాయి. చౌకరకం ఇన్వర్టర్ ఇచ్చేది చదరపు తరంగం. దాంతో ఫ్యాను గుంయ్‌మని మూలుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. కారణం హార్మోనిక్స్, అంటే అసలు తరంగానికి గుణిజాలుగా కలిసివచ్చే అదనపు తరంగాలు.

50 హెర్ట్జ్ చదరపు తరంగంలో మూడో హార్మోనిక్ 33 శాతం, అయిదోది 20 శాతం. మొత్తం వక్రీకరణ సుమారు 48 శాతం. ప్రతి అరచక్రంలో 60 డిగ్రీలు ఖాళీ వదిలితే మూడోది పూర్తిగా పోతుంది, మొత్తం 31కి దిగుతుంది. అయిదూ ఏడూ మాత్రం మిగులుతాయి.

అసలు మందు సైన్ పల్స్ విడ్త్ మాడ్యులేషన్. సెకనుకు 20 వేల సార్లు స్విచ్ వేసి తీస్తూ, తరంగం అంచుల్లో సన్న పల్సులు, నడుమ వెడల్పువి పంపితే, వక్రీకరణ చాలావరకు 20 కిలోహెర్ట్జ్ దగ్గరికి జరుగుతుంది. అక్కడ చిన్న కాయిల్, కెపాసిటర్ దాన్ని వడకడతాయి. ఆ మోత మన చెవికీ అందదు (నిద్రపట్టని ముసలివాళ్లకు ఇదేం చిన్న మేలు కాదు). షోనుంగ్, స్టెమ్లర్ అనే ఇంజినీర్లు 1964లోనే ఈ పద్ధతిని ప్రచురించారు. ఇప్పుడు మామూలు మైక్రోకంట్రోలర్ చాలు.

కొనేవాడికి తెలిసేది వీఏ, బ్యాటరీ ఏహెచ్ అంతే. ‘ప్యూర్ సైన్’ అన్న మాట ఒక్కటే సరిపోదు. లోడును బట్టి వక్రీకరణ మారుతుంది కాబట్టి, బల్బుల లోడుకూ, కంప్యూటర్ లోడుకూ ఆ శాతాన్ని విడివిడిగా పెట్టె మీద ముద్రించడం తప్పనిసరి చేయండి.

ఇట్లు,
చార్మినార్ ప్రాంత వినియోగదారుడు