లిమొంచెల్లోకి మెడికల్ షాపు స్పిరిట్ ఏంటండీ?

ఈ ఎండాకాలం మనవాళ్ళకి లిమొంచెల్లో పిచ్చి పట్టుకుంది. పెళ్ళి ముందురోజు పార్టీ అయినా, ఇటలీ టూరుకి వెళ్ళొచ్చిన జంట ఇంట్లో భోజనమైనా, పసుపచ్చటి గ్లాసు, నిండా ఐసు, పైన పుదీనా ఆకు. దాని మీద నాకేం కోపం లేదు. సరిగ్గా చేస్తే ఏప్రిల్ సాయంత్రం పూట హాయిగా ఉంటుంది. నా గొడవంతా చేసే తీరు గురించి. అందులోనూ ఇంటింటికీ చేతులు మారుతున్న ఆ రెసిపీలో ఒకే ఒక్క మాట గురించి. 95 శాతం ఆల్కహాలు దొరక్కపోతే మెడికల్ షాపులో స్పిరిట్ కొనుక్కోమంటోంది ఆ కాగితం.

ఎవరు రాశారో, ఎవరు పంపారో నాకనవసరం. మీ దగ్గరుంటే ఆ మాట ఇప్పుడే కొట్టెయ్యండి.

ఇటలీలో లిక్కర్లు ఇంట్లో చేసుకోడానికని 95, 96 శాతం శుద్ధమైన ఆల్కహాలు సూపర్ మార్కెట్లోనే సీసాల్లో అమ్ముతారు. అది తాగడానికి పనికొచ్చే సరుకు. అక్కడి అమ్మమ్మలు రెసిపీలో "ఆల్కహాలు" అని ఊరికే రాసేస్తే, ఏది కొనాలో అక్కడ అందరికీ తెలుసు. మన దేశంలో మామూలు మనిషికి అలాంటి సీసా దుకాణంలో దొరకదు. ఇక్కడ "స్పిరిట్" అనే పేరుతో దొరికేవి వేరు. కొన్నింట్లో జనం తాగకూడదనే మిథనాల్ లాంటి విషం కావాలని కలుపుతారు. చేతులు తుడుచుకునే ద్రవాల్లో కొన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో చేసినవి. చూస్తే అన్నీ నీళ్ళలాగే ఉంటాయి, వాసనా ఇంచుమించు ఒకటే. మిథనాల్ ఒంట్లోకి వెళ్తే కాలేయంలో ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. అది కంటి నరాన్ని దెబ్బ తీస్తుంది, ఆ తర్వాత ప్రాణమే తీస్తుంది. నిమ్మతొక్క వేసి ఇరవై రోజులు నానబెట్టినా, మల్లు గుడ్డలో నాలుగుసార్లు వడకట్టినా, పైన పంచదార పాకం పోసినా ఆ విషం ఎక్కడికీ పోదు.

"కొంచెమే కదా, ఏమవుతుంది" అనేవాళ్ళుంటారు. తమిళనాట ఉన్న మన కుటుంబాలకి కళ్ళకురిచ్చి సంగతి వేరే చెప్పాలా? 2024 జూన్‌లో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా పోయారు. వాళ్ళు రోజు కూలీ చేసుకునేవాళ్ళు, చౌకగా దొరుకుతుందని తాగారు. మనం వోడ్కా సీసా కొనగల స్తోమత ఉండి, ఫోటోలో పసుపచ్చగా కనబడాలని అదే పని చేద్దామా? వచ్చిన చుట్టాల చేతికి ఆ గ్లాసే ఇద్దామా?

ఇంకో రకం వాళ్ళున్నారు. వీళ్ళ వల్ల ప్రాణాపాయం లేదు గానీ, వినడానికి చిరాకు. నిమ్మరసం, వోడ్కా, పంచదార, చిటికెడు ఫుడ్ కలరు, గంటలో లిమొంచెల్లో రెడీ అంటారు. అందులో లిమొంచెల్లో ఎక్కడుంది? లిమొంచెల్లోలో రసం చుక్క కూడా ఉండదు, అంతా తొక్కే. తొక్క పైపొరలో చిన్న చిన్న నూనె తిత్తులుంటాయి, వాసనంతా వాటిలోనే. ఆల్కహాలు ఆ నూనెని, రంగుని లాగుతుంది. తర్వాత పంచదార నీళ్ళు కలిపినప్పుడు నూనె సన్నటి బిందువులుగా విడిపోయి ద్రవం మబ్బు పట్టినట్టవుతుంది. ఆ మబ్బుదనం చూసి పాడైపోయిందని పారబోసినవాళ్ళూ ఉన్నారు, పాపం!

నాకు వింత అనిపించేదేంటంటే, నిమ్మకాయ ఊరగాయ వేసి తొక్క మెత్తబడేదాకా వారాల తరబడి ఆగేది మనమే. తొక్క సంగతి మనకి ఇంకొకరు చెప్పాలా? ఆవకాయ జాడీ ముందే తెరిస్తే ఊరుకోని ఇంట్లో లిమొంచెల్లో మాత్రం గంటలో కావాలిట.

ఇక కాయ. మన నిమ్మకాయ, గూడూరు నుంచి లారీల్లో వచ్చేది, ఇటలీవాళ్ళ నిమ్మ కాదు, వేరే జాతి. చిన్నది, పల్చటి తొక్క, రసం ఎక్కువ, పులుపు ఎక్కువ. దాంతో చేస్తే వాసన వేరుగా ఉంటుంది, చేదు తొందరగా దిగుతుంది. సొర్రెంతో, అమాల్ఫి కాయలు పెద్దవి, మందపు తొక్కవి. అమాల్ఫి కాయని కదురు ఆకారం వల్ల స్ఫుసాతో అంటారు. సముద్రం పక్క కొండల్ని మెట్లుమెట్లుగా చెక్కి, పైన చెస్ట్‌నట్ కర్రల పందిళ్ళు వేసి పెంచుతారు. ఆ రెండు ప్రాంతాల నిమ్మకీ యూరప్‌లో భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. మనకి దగ్గర్లో కావాలంటే గజనిమ్మ అనే పెద్దకాయో, పెద్ద బజార్లలో దొరికే పసుపు లెమనో చూసుకోవాలి. దబ్బకాయ వద్దు. తెల్లగుజ్జు మందం, చేదు ఎక్కువ, అది ఊరగాయకే బాగుంటుంది.

ఈ లిమొంచెల్లో ఏ ఊరిదని వాళ్ళలో వాళ్ళకే తగాదా. కాప్రి మాదంటుంది, సొర్రెంతో మాదంటుంది, అమాల్ఫి మాదంటుంది. 1988లో కాప్రి వ్యాపారి మాస్సిమో కానాలె ఆ పేరుతో ట్రేడ్‌మార్కు రిజిస్టర్ చేయించాడు. ఉత్తరాన లిగూరియా వైపు ఇదే సరుకుని లిమొంచీనో అంటారు. పులిహోర గొప్పా చిత్రాన్నం గొప్పా అని కొట్టుకునే మనకి ఇది కొత్తేం కాదు.

చేసే పద్ధతి చెప్తాను, వినండి. పెద్దకాయలు ఎనిమిది. పైన మైనం పూత ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో బాగా రుద్ది కడిగి ఆరబెట్టాలి. పీలరుతో పసుపు పొర మాత్రమే తియ్యాలి. తెలుపు తగిలిందా, చేదే. సీలున్న, లైసెన్సు దుకాణంలో కొన్న మామూలు వోడ్కా 750 మి.లీ. ఇక్కడ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, చాలు. గాజు సీసాలో తొక్కలు ముంచి, చీకటి చోట మూడు వారాలు. రోజు విడిచి రోజు ఊపుతుండండి. తొక్కలు పాలిపోతే పని అయినట్టే. అప్పుడు 250 గ్రాముల పంచదార 200 మి.లీ. నీళ్ళలో కరిగించి, పూర్తిగా చల్లార్చి, వడకట్టిన వోడ్కాలో కలపండి. వేడి పాకం పోస్తే వాసన ఆవిరైపోతుంది. మొత్తం ఇంచుమించు 29 శాతం దగ్గర తేలుతుంది, ఇటలీవాళ్ళు సీసాల్లో అమ్మేదీ ఆ చుట్టుపక్కలే. ఇంకో వారం ఆగి ఫ్రీజరులో పెట్టండి. భోజనమయ్యాక చిన్న గ్లాసులో తాగేది అది.

కాక్‌టెయిల్ కావాలంటే, పెద్ద గ్లాసు నిండా ఐసు, 50 మి.లీ. లిమొంచెల్లో, 75 మి.లీ. ప్రొసెక్కో, 25 మి.లీ. సోడా, ఒక్కసారి మెల్లగా కలిపితే చాలు. ప్రొసెక్కో మన ఊళ్ళలో ఖరీదు. అది లేకపోతే 100 మి.లీ. సోడా పోసి, పైన మన నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండండి. తీపికి విరుగుడుగా మన కాయ పులుపు ఇక్కడ బాగా కలిసొస్తుంది. మళ్ళీ పంచదార వెయ్యొద్దు, ఇప్పటికే ఉంది. తియ్యగా చల్లగా దిగుతుంది గనక ఎంత తాగామో తెలీదు. బండి తాళం ముందే ఇంకొకరికి ఇచ్చెయ్యండి.

వంశవృక్షం రాసుకునే చోట ఈ మందు గోలేమిటని పెద్దవాళ్ళు అడుగుతారు. తాగనివాళ్ళకీ ఇందులో వాటా ఉంది. అవే తొక్కల్ని గుప్పెడు పంచదారతో నలిపి మూడు నాలుగు గంటలు మూతపెట్టి ఉంచితే, పంచదార తడిసి నూనెవాసన పట్టేస్తుంది. దాంట్లో రసం పిండి, చల్లటి సోడా పోసి, చిటికెడు ఉప్పు వేసి అత్తయ్యగారికి, పిల్లలకి ఇవ్వండి. మామూలు షర్బతు పక్కన పెట్టి రుచి చూడమనండి.

తొక్క తీసిన కాయలు ఊరగాయకి పనికిరావు, రెండు రోజుల్లో ఎండిపోతాయి. ఆ రోజే రసం తీసి చిత్రాన్నానికో పప్పులోకో వాడేసుకోండి.