వెబ్ ప్రమాణములు - మన విద్యార్థులు

మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు పలువురు వెబ్‌సైటులు కట్టుట నేర్చుకొనుచున్నారు. సంతోషము. అయినను వారిలో కొందఱు నిన్న వెలువడిన సౌకర్యమును నేడే వాడవలయునని తొందరపడుచున్నారు; మఱికొందఱు మొదట నేర్చిన పద్ధతినే పట్టుకొని కదలకున్నారు. ఈ రెండును తగవని నా అభిప్రాయము. ఒక సౌకర్యము ఎల్ల బ్రౌజరులయందును ఎన్నటినుండి పనిచేయుచున్నదో విచారించుటయే ఈ విద్యలో మొదటి పాఠము కావలెను.

1989లో జెనీవా యొద్దనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్-లీగారు వెబ్‌ను ప్రతిపాదించిరి. 1993లో ఆ సంస్థ దానిని ఎల్లవారికిని ఉచితముగా విడిచిపెట్టెను. 1994లో ప్రమాణములు నిర్ణయించుటకు ఒక సంఘమును ఏర్పడెను. అయినను బ్రౌజరుల కంపెనీలు పోటీపడి సొంత ట్యాగులను కల్పించుటచే కొంతకాలము బాబెలు గోపురపు పనివారి గతియే పట్టినది. ఒక బ్రౌజరునందు చక్కగా కనబడిన పుట మఱియొకదానియందు చెదరిపోయెడిది.

తెలుగువారమైన మనకు ఈ చిక్కు క్రొత్త కాదు. 1991లోనే యూనికోడ్ తొలి ప్రతియందు తెలుగు లిపికి స్థానము దొరికినది. అయినను పిమ్మట చాలకాలము తెలుగు పుటలు పెక్కు సొంత ఫాంటులతో వెలువడినవి. కంటికి తెలుగే, యంత్రమునకు మాత్రము అర్థములేని ఆంగ్లాక్షరములు. ఆ ఫాంటు లేనిచోట చదువ వీలులేదు, వెదకినను దొరకదు.

ఇక నూతన సౌకర్యములలో 'డయలాగ్' అను ట్యాగును చూడుడు. పుటపై చిన్న కిటికీ తెఱచి "నిశ్చయముగా పంపవలెనా?" అని అడుగుటకు పూర్వము ఎవరికివారే జావాస్క్రిప్టుతో కల్పించుకొనెడివారు. చూపుగలవారికి అది బాగుగనే యుండెడిది. స్క్రీన్ రీడరుతో వినుచు చదువు అంధునికి కిటికీ తెఱవబడినదని తరచుగా తెలియకుండెడిది. ట్యాబ్ మీట నొక్కినచో వెనుకనున్న పుటలోనికి పోవుచుండెను. డయలాగును తగురీతిగా తెఱచినచో బ్రౌజరే వెనుక పుటను ఆపి, దృష్టిని కిటికీలోనికి తెచ్చి, ఎస్కేప్ మీట నొక్కగనే మూయును. ఇది క్రోమునందు 2014లోనే వచ్చినను, ఫైర్‌ఫాక్సు, సఫారీలయందు 2022 మార్చి వఱకు రాలేదు. 2015లో దీనినే నమ్ముకొన్నవాడు తొందరపాటుగలవాడు. నేడు వాడనివాడు, నన్నడిగినచో, సోమరి.

ఇట్టి నిర్ణయమునకు 'బేస్‌లైన్' అను గుర్తు ఇప్పుడు సహాయపడుచున్నది. ముఖ్యమైన బ్రౌజరులన్నిటను పనిచేయ నారంభించిన సౌకర్యమును క్రొత్తగా లభ్యమనియు, అటుపిమ్మట 30 మాసములు గడచినచో విస్తారముగా లభ్యమనియు అది తెలుపును. మన బాలురు ఈ రెండవ తరగతివానినే నిస్సంకోచముగా వాడవచ్చును. అయితే ఈ గుర్తు బ్రౌజరులను గూర్చియే గాని స్క్రీన్ రీడరులను గూర్చి చెప్పదు. తలిదండ్రులలో కొందఱి చేతులలోనున్న పాత ఫోనుల మాటయు దానికి పట్టదు. కావున విషయమును మొదట సాదా హెచ్‌టీఎంఎల్‌లో వ్రాసి, అలంకారమును పిదప చేర్చవలెను. సీఎస్ఎస్‌లో తనకు తెలియని నియమమును బ్రౌజరు విడిచి ముందుకు పోవును గనుక ఇది సులభమే.

పెద్దలకును ఒక మనవి. నోటీసులను ఫోటో తీసి వెబ్‌సైటున పెట్టు అలవాటు మానవలెను. అక్షరములుగా వ్రాసినచో అంధుడు వినగలడు, తల్లి వెదకగలదు. రాబోవు ప్రదర్శనమున విద్యార్థుల పుటలను మౌసు లేకుండ మీటలతోను, ఒక పాత ఫోనుతోను పరీక్షించి మార్కులు వేయవలయునని ఉపాధ్యాయ మిత్రులను కోరుచున్నాను.